వెనక సీట్లో అత్తగారు

ఆ షెడ్డులో బాగుపడ్డ బండి ఏదైనా సరే, వెనక సీట్లో అత్తగారు కూర్చుని ఒక చుట్టు తిరిగి రానిదే సొంతదారు చేతికి వెళ్ళదు. కారయినా, జీపయినా, పాలవ్యానయినా అంతే. పాలవ్యానుకి వెనక సీటెక్కడుంటుందని మీరు అడగొచ్చు. ఆవిడ కుర్చీ వేయించుకుని మరీ కూర్చునేది.

నిజానికి ఆవిడ ఒక్క మనిషికే అత్తగారు. షెడ్డు నడిపే మేస్త్రి ఆవిడ కూతురి మొగుడు. అతను పొద్దస్తమానం "అత్తయ్యా, అత్తయ్యా" అని కేకేస్తుంటే విని విని, బళ్ళు తెచ్చేవాళ్ళూ, సామాన్లమ్మేవాళ్ళూ, ఎదురు కొట్టు దర్జీ, చివరికి దర్జీ వాళ్ళ నాన్న కూడా ఆవిడని అత్తగారనే పిలవడం మొదలుపెట్టారు. దర్జీ నాన్న ఆవిడ కంటే వయసులో పెద్ద. పిలిచినప్పుడల్లా ఆవిడ చురచుర చూసేది. ఆయన మాత్రం మానలేదు.

ఈ అలవాటు పెట్టింది ఆవిడ భర్త, ఆ షెడ్డు కట్టిన పెద్దమేస్త్రి. బండి తోలేవాడికి ముందు చప్పుళ్ళు వినిపిస్తాయి గానీ వెనక చప్పుళ్ళు సరిగా అందవని ఆయన బాధ. ఒక మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ పట్టుకొస్తే, దాన్ని పక్కన పెట్టించి, "ఎక్కు. వెనక ఏదో అరుస్తోంది. ఏమంటోందో విని చెప్పు" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఆవిడతో "విని చెప్పు" అనడం అదే మొదటిసారి. అంతవరకూ "చెప్పింది విను" అనడమే. ఆవిడ ఒక చుట్టు తిరిగొచ్చి, "ఎవరో చెంచాలు కడుగుతున్నారు" అంది. ఆయన కిందికి దూరి చూస్తే ఒక బోల్టు వదులై గలగలలాడుతోంది. ఆ రోజు క్యారేజీలోది చల్లారిపోయినా ఆయన ఏమీ అనలేదు.

అప్పట్నుంచీ ఆ షెడ్డులో రోగాల పేర్లే మారిపోయాయి. చెంచాల చప్పుడు, గాజుల చప్పుడు, పళ్ళు నూరే చప్పుడు, ముసలాయన దగ్గు. కొత్తగా వచ్చిన వాళ్ళకి ఇదంతా పిచ్చి మాటల్లా ఉండేది గానీ, పెద్దమేస్త్రికీ, ఆయన దగ్గర పని నేర్చుకుని ఆయనకే అల్లుడైన చిన్నమేస్త్రికీ అవి అచ్చు వేసిన అక్షరాలంత స్పష్టం. పెద్దాయన పోయాక కూడా ఆ సీటు మీద ఎవరూ పేచీ పెట్టలేదు. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆవిడకి గోడలు మీదికొచ్చేవి. షెడ్డుకొచ్చి ఏదో ఒక బండెక్కితే ప్రాణం లేచొచ్చేది. ఆ సీటు తనదనీ, తను లేకపోతే షెడ్డుకి చెవుల్లేవనీ ఆవిడ గట్టి నమ్మకం. ఉన్న మాట చెప్పాలంటే ఆవిడకి మిగిలిన పదవి అదొక్కటే.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేయాలి, తరవాత దాచానని అనకూడదు. ఆవిడ నిండైన మనిషి. ఆవిడ కాలు పెట్టగానే ఏ బండైనా వెనకభాగం వంచి కూర్చుంటుంది. "మర్యాద తెలిసిన బండి" అని ఆవిడే మెచ్చుకునేది.

ఇదిలా ఉండగా ఆకుపచ్చ జీపొకటి వచ్చింది.

దాని సొంతదారు మందుల షాపాయన. వారమంతా జనానికి మాత్రలు లెక్కపెట్టి ఇస్తాడు, ఆదివారమొస్తే స్నేహితులతో కలిసి జీపుల్లో కొండలెక్కుతాడు. రాళ్ళు పొట్టకి తగులుతున్నాయి, జీపుని కాస్త ఎత్తు చెయ్యమని అడిగాడు. మేస్త్రి అంతకుముందెన్నడూ ఏ జీపునీ ఎత్తు చేసినవాడు కాదు. అయినా ఆ మాట పైకి అనలేదు. "అదెంత పని సార్" అన్నాడు. చక్రాల మీద బండి బరువు మోసే పాత కమాను కట్టలు తీసేసి, గట్టివీ మందమైనవీ వేసి, జీపుని ఏకంగా జానెడు లేపేశాడు. అత్తగారు ఎక్కడానికి స్టూలు తేవాల్సొచ్చింది.

ఇక్కడ కాస్త జీపు కిందికి దూరదాం, బట్టలు మాసిపోయినా ఫర్వాలేదు. గేరుబాక్సు దగ్గర్నుంచి వెనక చక్రాల దాకా ఒక ఇనప గొట్టం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దాన్ని షాఫ్టంటారు. ఇంజను బలం చక్రాలకి చేరేది దాని మీదుగానే. జీపుని ఎత్తు చేస్తే చక్రాలు కిందే ఉండిపోతాయి కాబట్టి ఆ షాఫ్టు ఏటవాలుగా వాలుతుంది. సరిగ్గా దాని కింద, గేరుబాక్సుని మోస్తూ ఒక అడ్డకమ్మి ఉంది. షాఫ్టుకీ ఈ కమ్మికీ మధ్య సందు ఉందా, లేదా? గొడవంతా దాని గురించే.

మొదటి ట్రయల్లో అత్తగారు చెవులు రిక్కించి కూర్చుంది. గతుకులు దాటారు, మలుపులు తిరిగారు. "కిక్కురుమనడం లేదు నాయనా" అంది. మందుల షాపాయన సంతోషంగా తోలుకుపోయాడు. మర్నాడే మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మేస్త్రీ, గతుకు దాటితే చాలు, కింద కటకటా కొడుతోంది."

"కొట్టదే! పదండి చూద్దాం" అన్నాడు మేస్త్రి. అత్తగారు స్టూలెక్కి తన సీట్లోకి చేరింది. ముగ్గురూ వెళ్ళారు. చప్పుడు లేదు. తిరిగొచ్చాక మేస్త్రి కిందికి దూరాడు. దిగితే మళ్ళీ ఎక్కడం కష్టమని అత్తగారు పైనే కూర్చుని ఉంది. షాఫ్టుకీ కమ్మికీ మధ్య మేస్త్రి వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళు హాయిగా దూరాయి.

"ఈ సందులో ఒక దోమల కుటుంబం కాపరం పెట్టొచ్చు సార్. తగిలే ప్రశ్నే లేదు."

మళ్ళీ మర్నాడూ ఆయన వచ్చాడు. ఈసారి షాఫ్టు జాయింట్లు కొత్తవి వేశారు, సైలెన్సరు పైపుని కట్టేశారు, ఎక్కడ పడితే అక్కడ గ్రీజు పులిమారు. ముగ్గురూ వెళ్ళారు. చప్పుడు లేదు. ఆయన ఒక్కడూ ఇంటికెళ్ళాడు. కటకట! ఆ జీపు మేస్త్రి చేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది. మందుల షాపాయన పరిస్థితి ఇంకా ఘోరం. తన చెవుల మీదే అనుమానమొచ్చి, తన షాపులోంచే చుక్కల మందు తీసి చెవుల్లో పోసుకున్నాడు. ఇంట్లో ఎవరైనా కుర్చీ జరిపితే ఉలిక్కిపడుతున్నాడట.

మేస్త్రి మంచివాడేగానీ, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఒకరోజు మీసం మీద చెయ్యేశాడు. ఆ మీసం పెళ్ళికి ముందు నుంచీ ఉన్నది. మొగుడి పై పెదవి ఎలా ఉంటుందో అతని భార్యకి ఇంతవరకూ తెలియదు. "ఆదివారం కొండ మీద మీ స్నేహితులందరి ముందూ ఈ జీపు చప్పుడు చేస్తే మీసం తీసేస్తాను సార్. అంతే!" అన్నాడు. "అవును, తీసేస్తాడు" అంది అత్తగారు వెనక సీట్లోంచి ధీమాగా.

అసలు సంగతి తెలిసింది ఆ సాయంత్రమే. మేస్త్రి వేరే బండి కింద ఉన్నాడని మందుల షాపాయన అత్తగారిని ఇంటి దగ్గర దింపాడు. ఆవిడ దిగి గేటు తీస్తోంది, జీపు వీధి చివర గతుకు దాటింది.

కటకటకటా!

అత్తగారు గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరవాత "నాయనా, ఆగాగు!" అని చెయ్యి ఊపింది. ఆయన వెనక్కొచ్చాడు. "సంచి షెడ్డులో మర్చిపోయాను" అని ఎక్కింది. అదే గతుకు దాటారు. చప్పుడు లేదు. సంచి తీసుకుని ఇంటికొచ్చి దిగింది. జీపు వెళ్ళింది. కటకటా! మళ్ళీ చెయ్యి ఊపింది. కళ్ళజోడు మర్చిపోయిందట. ఎక్కితే మౌనం. దిగితే కటకట. కళ్ళజోడు ఆవిడ నెత్తి మీదే ఉందని ఆయనకి కనిపిస్తూనే ఉంది గానీ, పెద్దావిడ, పైగా తన చెవులే సరిగా లేవు, ఇక కళ్ళ గురించి మాట్లాడటమెందుకని ఊరుకున్నాడు. గొడుక్కోసం కూడా ఒకసారి తీసుకెళ్ళాడు పాపం.

అత్తగారికి విషయం అర్థమైపోయింది. తను ఎక్కితే ఆ గట్టి కమాన్లు అణుగుతున్నాయి, జీపు కిందికి దిగుతోంది, షాఫ్టు కమ్మికి దూరంగా జరుగుతోంది. తను దిగితే జీపు లేస్తోంది, గతుకులో చక్రాలు వేలాడుతున్నాయి, షాఫ్టు వెళ్ళి కమ్మిని కొడుతోంది. అల్లుడు కిందికి దూరి వేళ్ళు పెట్టి చూసిన ప్రతిసారీ పైన తను కూర్చునే ఉంది. ఇన్నాళ్ళూ బండి మాట వింటున్నానని మురిసిపోయింది. తీరా చూస్తే బండి నోరు మూసింది తనే.

చెబితే? "అయితే ఇకనుంచి అత్తయ్య లేకుండానే ట్రయల్‌కి వెళ్దాం" అంటాడు. అనకపోతే వాడు మేస్త్రే కాదు. చెప్పకపోతే మీసం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూతికీ గోతికీ మధ్య కాస్త తీరిగ్గా కూర్చోవచ్చేమోనని ఆవిడ ఆలోచించింది.

మర్నాడు భోజనాల దగ్గర ఆవిడ రెండోసారి వడ్డించుకోలేదు. కూతురు కంగారుపడింది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"నేనేం లావుగా ఉన్నానా?" అంది అత్తగారు.

"ఇప్పుడా మాట ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదు. ఎవరైనా అన్నారా?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే అదే. కూతురు ఇంకేదో అడిగేలోపు ఆవిడ లేచి చెయ్యి కడుక్కుంది. ఆ ఆకలి కడుపుతోనే ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. తను ఎక్కితే చప్పుడు లేనప్పుడు, ఆదివారం కొండకి తనూ వెళ్తే సరిపోదూ? మీసమూ నిలుస్తుంది, సీటూ నిలుస్తుంది.

ఆదివారం కొండ కింద జీపులన్నీ వరసగా నిలబడ్డాయి. ఆకుపచ్చ జీపులోంచి స్టూలుతో సహా అత్తగారు దిగేసరికి మందుల షాపాయన స్నేహితులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "మా షెడ్డు అత్తగారు. చప్పుళ్ళు వింటారు" అని మేస్త్రి గొప్పగా పరిచయం చేశాడు. ఆ గొప్ప వింటుంటే ఆవిడకి చెవుల్లో చీమలు పాకినట్టయింది.

కొండెక్కినంతసేపూ జీపు నోరెత్తలేదు. రాళ్ళ మీద ఎక్కింది, గుంటల్లో దిగింది, ఒకచోట ఒక చక్రాన్ని గాల్లో కూడా లేపింది. అత్తగారు సీటుని రెండు చేతులా పట్టుకుని, తన బరువంతా సరిగ్గా మధ్యకి సర్దుకుంటూ, ఎప్పుడూ చెయ్యనంత శ్రద్ధగా కూర్చుంది. పైకి చేరగానే మందుల షాపాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా చెవులు బాగయ్యాయి!" అన్నాడు. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు.

దిగడం మాత్రం వేరే దారిలో. అటువైపు నిటారుగా రాళ్ళ వాలు. అందులో బండికి ఒక్కడే ఉండి దించాలి, మిగతావాళ్ళు నడిచి రావాలి. వాళ్ళ కట్టుబాటు అది.

"దిగండి అత్తగారూ" అన్నాడు మందుల షాపాయన.

ఆవిడ దిగలేదు.

"అత్తయ్యా, దిగు. నేను చెయ్యి పట్టుకుంటాగా" అన్నాడు మేస్త్రి.

ఆవిడ సీటుని ఇంకా గట్టిగా పట్టుకుంది. జనం మూగారు. పెద్దావిడకి భయమేసిందని ఒకడన్నాడు, కాళ్ళు పట్టేశాయని ఒకడన్నాడు. ఆవిడకి మాత్రం పెద్దమేస్త్రి మాట చెవిలో గింగురుమంటోంది. అరిచే బండితో భయం లేదు, అరవాల్సి ఉండీ అరవని బండే మనిషిని ముంచుతుందని ఆయన పదే పదే అనేవాడు. ఆ వాలులో, ఆ కుదుపుల్లో, షాఫ్టు కమ్మిని కొట్టి కొట్టి విరిగిందంటే? చుక్కల మందు పోసుకున్న ఈ పిచ్చి మారాజు ఒక్కడే ఉంటాడు లోపల. ఆవిడకి నిజంగా భయమేసింది. అప్పుడు సీటూ గుర్తురాలేదు, మీసమూ గుర్తురాలేదు.

"నేను దిగితే ఇది అరుస్తుంది నాయనా" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నేనెక్కితే నా బరువుకి అణిగి నోరు మూసుకుంటోంది. ఈయన చెవులకేం రాలేదు. నువ్వు కింద చూసినప్పుడల్లా పైన నేనున్నాను. నాకు ఆ రోజే తెలిసింది. చెప్పలేదు. చెబితే ఇక నన్ను ఎక్కించుకోవని చెప్పలేదు."

అని స్టూలు కూడా అడగకుండా దిగింది. జీపు పైకి లేచింది. మేస్త్రి కిందికి దూరి వేలు పెట్టి చూశాడు. ఈసారి ఒక్క వేలే దూరింది, అదీ ఇరుగ్గా. జాకీ తెప్పించి జీపు వెనకభాగాన్ని లేపించాడు. చక్రాలు వేలాడాయి, షాఫ్టు వచ్చి అడ్డకమ్మి మీద పడుకుంది. జాకీ వేసినవాడు చక్రాన్ని చేత్తో తిప్పాడు. కట. కట. కట. కొండ మీద అందరూ విన్నారు.

ముందు ఒకడు నవ్వాడు. తరవాత అందరూ నవ్వారు. ఇప్పుడు జీపుని సులువు దారిలో కిందికి చేర్చాలంటే మళ్ళీ అత్తగారే ఎక్కాలి. "డాక్టరుగారు రాసిచ్చారు, రోజుకి మూడు పూటలా అత్తగారు" అని ఒకడంటే, "భోజనానికి ముందా, తరవాతా?" అని మందుల షాపాయనే అడిగాడు. ఆయనకి చెవులు బాగానే ఉన్నాయని తేలినందుకు ఒళ్ళు తెలియని సంతోషం. అత్తగారు నవ్వలేదు. దారి పొడుగునా అల్లుడి మూతి వంకే చూస్తూ కూర్చుంది.

అన్న మాట ప్రకారం మేస్త్రి మీసం తీసేశాడు. ఇంటికెళ్ళి తలుపు కొడితే భార్య తీసి, "ఎవరు కావాలండీ?" అంది. మర్నాడు షెడ్డుకొచ్చినవాళ్ళు అతన్నే పట్టుకుని "మేస్త్రి ఎక్కడయ్యా?" అని అడిగారు. తన సీటు కోసం పిల్లాడి మూతి బోడి చేశానే అని అత్తగారు నిజంగా కుమిలిపోయింది.

"ఇకనుంచి నేను బండెక్కను" అంది.

వద్దంటాడనుకుంది. "సరే అత్తయ్యా" అన్నాడు మేస్త్రి. ఆవిడ ఎదురు కొట్టుకెళ్ళి దర్జీ నాన్న పక్కన బల్ల మీద కూర్చుంది.

అక్కణ్ణుంచి అంతా కనిపిస్తూనే ఉంది. మేస్త్రి జీపుని ఎత్తి, చక్రాలు వేలాడుతుండగానే పనిచేశాడు. షాఫ్టు తగిలేచోట అడ్డకమ్మిని కోసి, కిందికి వంపు తిరిగిన ముక్కని వెల్డింగు చేశాడు. చక్రాలు మరీ కిందికి జారకుండా రెండు వైపులా గట్టి పట్టీలు కట్టాడు. వేళ్ళు పెట్టి చూసుకున్నాడు, చక్రాలు వేలాడినా సందు ఉంది. అప్పుడు ఖాళీ జీపుని ఒక్కడే తోలుకెళ్ళి, గతుకులన్నీ దూకించి వచ్చాడు. ఇంక బరువుతో చూడాలి. రెండు ఇసక బస్తాలు మోసుకొచ్చి, వెనక సీట్లో పక్కపక్కనే కూర్చోబెట్టి, జారిపోకుండా బెల్టు కూడా పెట్టాడు.

"ఎవరు అత్తగారూ వాళ్ళు?" అన్నాడు దర్జీ నాన్న.

"నా సవతులు" అంది అత్తగారు.

మేస్త్రి బస్తాలతో ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఆపి, కిందికి దూరి చూశాడు. మళ్ళీ ఒక చుట్టు తిరిగొచ్చాడు. మళ్ళీ దూరాడు. బోడి మూతి మీద చెమట తుడుచుకుంటూ వీధి దాటి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"కటకట పోయింది అత్తయ్యా. కానీ బరువేస్తే వెనక ఇంకేదో సన్నగా అంటోంది. ముందు కూర్చున్నవాడికి అందడం లేదు."

"వెనక ఉన్నారుగా ఇద్దరు. వాళ్ళనడుగు."

"అడిగాను. బరువైతే పెట్టారు గానీ, ఇద్దరూ ఒక్క ముక్క చెప్పరు."

ఆవిడ తల తిప్పుకుంది. "నా మూలంగా నీ మీసం పోయింది."

"మీసం మళ్ళీ మొలుస్తుంది అత్తయ్యా. వెనక కూర్చుని చెప్పే మనిషి మొలుస్తుందా?"

అత్తగారు దర్జీ నాన్న కాళ్ళ దగ్గరున్న తన చెప్పులు వెతికి వేసుకుంది. వీధి దాటి జీపు దగ్గరికెళ్ళి, బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న బస్తాలని కాసేపు చూసింది.

"ముందు వీళ్ళిద్దర్నీ దించు" అంది.